బొంబాయి నుంచి లండన్‌కు ఎంత దూరం? ఎంత కాలం?

విద్యార్థులారా! ముంబయి నుంచి లండన్ ఎంత దూరం అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే ఏమని జవాబు చెబుతారు? కొందరు "ఏడువేల రెండు వందల కిలోమీటర్లు" అంటారు. మరికొందరు "తొమ్మిది పది గంటలు" అంటారు. రెండు జవాబులూ తప్పు కావు. మన పల్లెల్లో కూడా దూరాన్ని రెండు విధాలుగానూ చెప్పేవారు. "రెండు క్రోసులు" అంటే అది పొడవు లెక్క. "ఒక పూట నడక" అంటే అది కాలం లెక్క. నడిచేవాడికి రెండో లెక్కే ఎక్కువ పనికివచ్చేది.

ఈ రెండు నగరాల మధ్య ఉన్న పొడవు వేల ఏళ్ళుగా మారలేదు. ప్రయాణ కాలం మాత్రం నెలల నుంచి వారాలకు, వారాల నుంచి రోజులకు, రోజుల నుంచి గంటలకు దిగివచ్చింది. ఇది ఎలా జరిగింది? దీనికి ఎవరు ఏ మూల్యం చెల్లించారు? ఈ ప్రసంగవ్యాసంలో ఆ చరిత్రను పరిశీలిద్దాం. 1995 వరకు ముంబయికి అధికారికంగా బొంబాయి అనే పేరు ఉండేది కనుక పాత సంగతులు చెప్పేటప్పుడు ఆ పేరునే వాడుకుందాం.

దూరాన్ని కొలవడం ఎలా?

ముందుగా ఒక చిన్న లెక్క. భూమి దాదాపు గోళాకారంలో ఉంటుంది. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. గోళ కేంద్రం గుండా పోయే తలం గోళ ఉపరితలాన్ని ఖండించినప్పుడు ఏర్పడే వృత్తమే మహావృత్తం. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. ప్రతి రేఖాంశమూ ఒక మహావృత్తంలో సగం.

లండన్ సుమారు 51.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సున్నా రేఖాంశానికి ఆనుకొని ఉంది. ముంబయి సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, 73 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి. 0.255 వస్తుంది. రెండు అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్ విలువను కలిపి గుణించండి. 0.172 వస్తుంది. ఈ రెండింటి మొత్తం 0.427. ఏ కోణానికి కొసైన్ విలువ 0.427 అవుతుందో పట్టికలో చూడండి. సుమారు 64.7 డిగ్రీలు. భూమి చుట్టుకొలత 40,000 కి.మీ. కనుక ఒక డిగ్రీకి సుమారు 111 కి.మీ. గుణిస్తే దాదాపు 7,200 కి.మీ. వస్తుంది. పదకొండో తరగతి త్రికోణమితి తెలిసిన విద్యార్థి ఎవరైనా పది నిమిషాల్లో ఈ దూరాన్ని తేల్చవచ్చు.

ఈ దారిలో సరిగ్గా సగం ఎక్కడ వస్తుందో ఊహించండి. అక్షాంశ రేఖాంశాలను సమానమైన గళ్ళుగా గీసిన పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే మధ్య బిందువు సిరియాలో పడుతుంది. గోళం మీద దారం లాగి చూస్తే మాత్రం అది కాకసస్ ప్రాంతంలో, జార్జియా రాజధాని టిబిలిసికి దగ్గరలో పడుతుంది. అంటే అసలు దగ్గరి దారి మనం అనుకునేదానికన్నా బాగా ఉత్తరంగా వంగి పోతుంది. ముంబయిలో మొదలైన ఆ దారం దాదాపు కరాచీ మీదుగా ఇరాన్‌లోకి, కాస్పియన్ సముద్రం వైపు, అక్కడి నుంచి తూర్పు ఐరోపా మీదుగా లండన్‌కు చేరుతుంది. కరాచీ పేరు గుర్తుపెట్టుకోండి. మన కథలో అది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఓడల కాలం

గోళం మీద దగ్గరి దారి తెలిసినంత మాత్రాన మనిషి ఆ దారిన పోలేడు. ఓడకు నీరు కావాలి. 1497 జులైలో లిస్బన్‌లో బయలుదేరిన వాస్కో డ గామా 1498 మే నెలలో కాలికట్ తీరం చేరాడు. ఆయన వేసిన దారి ఆఫ్రికా ఖండాన్ని మొత్తం చుట్టి వచ్చేది. ఆ దారిన లండన్ నుంచి బొంబాయికి దాదాపు 20,000 కి.మీ. అంటే అసలు దూరానికి రెండున్నర రెట్ల కన్నా ఎక్కువ. ఈస్టిండియా కంపెనీ తెరచాప ఓడలకు ఈ ప్రయాణం నాలుగు నుంచి ఆరు నెలలు పట్టేది. గాలి అనుకూలిస్తే ఒక లెక్క, అనుకూలించకపోతే మరొక లెక్క. ఒక ఉత్తరం రాసి దానికి జవాబు అందుకోవడానికి ఒక్కోసారి ఏడాది దాటేది.

ఆవిరి యంత్రం వచ్చాక గాలి మీద ఆధారపడే అవసరం తగ్గింది. 1825లో ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ ఇంగ్లండు నుంచి ఆఫ్రికాను చుట్టి కలకత్తాకు 113 రోజుల్లో వచ్చింది. తరువాత దృష్టి ఎర్రసముద్రం వైపు మళ్ళింది. బొంబాయి ఓడల రేవులోనే తయారైన హ్యూ లిండ్సే అనే ఆవిరి ఓడ 1830 మార్చి 20న బయలుదేరి 33 రోజుల్లో సూయజ్ చేరింది. దారి పొడవునా సరిపడే బొగ్గు కోసం దాని గదుల్లోనూ, పైతట్టు మీదా కూడా బొగ్గే నింపవలసి వచ్చింది. ప్రయాణికులకు చోటు మిగలలేదు. ఇంధనం మోయడానికే బలమంతా పోతే సరుకు మోసేది ఎలా? ఇదే ప్రశ్న నూరేళ్ళ తరువాత విమానాల ముందు కూడా నిలిచింది.

సూయజ్ దగ్గర దిగినవారు ఎడారి దాటి అలెగ్జాండ్రియాలో మరో ఓడ ఎక్కేవారు. 1869 నవంబరు 17న సూయజ్ కాలువ ప్రారంభమైంది. దానితో లండన్, బొంబాయిల మధ్య సముద్ర దూరం దాదాపు 11,600 కి.మీ.కు తగ్గింది. మరుసటి ఏడాదే, 1870లో, సముద్రగర్భ తంతి బొంబాయిని లండన్‌తో కలిపింది. ఇది చరిత్రలో ఒక గొప్ప మలుపు. అంతవరకు మనిషి, వార్త ఒకే వేగంతో ప్రయాణించేవి. 1870 తరువాత వార్త నిమిషాల్లో, గంటల్లో చేరేది. మనిషి మాత్రం వారాల తరబడి ఓడ మీదనే ఉండేవాడు.

ఓడ ఎక్కినవారు

ఈ తేడా మనుషుల జీవితాల్లో ఎలా ఉండేదో చూడండి. మోహన్‌దాస్ గాంధీ 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో క్లైడ్ అనే ఓడ ఎక్కి న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళారు. మూడేళ్ళ తరువాత 1891లో బొంబాయిలో దిగినప్పుడు గాని తల్లి మరణించిన సంగతి ఆయనకు తెలియలేదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న తమ్ముడిని బాధపెట్టడం ఇష్టం లేక అన్నగారు ఆ వార్తను దాచి ఉంచారు. తంతి ఉంది. తెలియజేసే మార్గం ఉంది. కాని తెలిసి చేయగలిగింది ఏమీ లేదు.

శ్రీనివాస రామానుజన్ 1914 మార్చి 17న మద్రాసులో నెవాసా ఓడ ఎక్కి ఏప్రిల్ 14న లండన్‌లో దిగారు. నాలుగు వారాలు. 1919లో ఆరోగ్యం దెబ్బతిని తిరిగి వచ్చినప్పుడు కూడా ఫిబ్రవరి 27న బయలుదేరి మార్చి 27న బొంబాయి చేరారు. మళ్ళీ నాలుగు వారాలే.

అయితే ఓడ ప్రయాణం కేవలం వృథా కాలం కాదు. 1921లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల సభకు వెళ్ళిన సి.వి. రామన్ నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగును చూశారు. ఆకాశపు రంగు ప్రతిఫలించడం వల్లనే సముద్రం నీలంగా కనిపిస్తుందన్న వివరణ ఆయనకు తృప్తి కలిగించలేదు. వెంట ఉన్న నికాల్ పట్టకంతో ఓడ మీదనే పరిశీలనలు చేసి, నేచర్ పత్రికకు లేఖ రాసి, బొంబాయి రేవు నుంచి పంపారు. ఆ ఆలోచనే ఏడేళ్ళ తరువాత, 1928 ఫిబ్రవరి 28న, రామన్ ఫలితం రూపంలో పండింది.

1930 జులై 31న పందొమ్మిదేళ్ళ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ బొంబాయిలో పిల్స్‌నా ఓడ ఎక్కారు. కేంబ్రిడ్జిలో పరిశోధనకు వెళుతున్న ఆయన ఆ ప్రయాణంలోనే తెల్ల మరుగుజ్జు నక్షత్రాలకు సాపేక్షతా సూత్రాలను అన్వయించి లెక్కలు కట్టారు. ఆ నక్షత్రాల ద్రవ్యరాశికి ఒక హద్దు ఉంటుందని తేలింది. దానినే నేడు చంద్రశేఖర్ పరిమితి అంటున్నాం. ఆగస్టు 19న ఆయన లండన్ చేరారు. అదే ప్రయాణానికి మరో వైపు కూడా ఉంది. ఆయన బయలుదేరే నాటికే తల్లి తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. 1931 మే నెలలో ఆమె మరణించినప్పుడు కొడుకు కేంబ్రిడ్జిలో ఉన్నారు. దాదాపు మూడు వారాల ప్రయాణం ఒక యువకుడికి ఆలోచించే తీరికను ఇచ్చింది. అదే మూడు వారాల దూరం తల్లి చివరిచూపును దక్కనివ్వలేదు.

రెక్కలు వచ్చిన రోజులు

ఇప్పుడు ఆకాశంలోకి వెళదాం. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమునకు ఆవలి ఒడ్డున ఉన్న నైనీకి హెన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరాలను చేరవేశాడు. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన టపా అదేనని చెబుతారు. దూరం పది కిలోమీటర్లు కూడా సరిగా లేదు. ఎనిమిదేళ్ళ తరువాత, 1919 నవంబరు 12న, రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు ఇద్దరు మెకానిక్కులతో కలిసి ఇంగ్లండులో బయలుదేరి మన కరాచీ, ఢిల్లీ, కలకత్తాల మీదుగా డిసెంబరు 10న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరారు.

ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చిన మొదటి విమాన మార్గం 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ ప్రారంభించిన లండన్-కరాచీ మార్గం. దాదాపు 8,000 కి.మీ. దూరానికి ఏడు రోజులు పట్టేది. ఆ ప్రయాణం జరిగే తీరు చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. లండన్ నుంచి స్విట్జర్లండులోని బాసెల్ వరకు ఒక విమానం. అక్కడి నుంచి ఇటలీలోని జెనోవాకు రైలు. అక్కడ నీటి మీద వాలే విమానం ఎక్కి మధ్యధరా సముద్రం దాటి అలెగ్జాండ్రియా చేరాలి. ఆపై మూడు ఇంజన్ల మరో విమానంలో గాజా, బాగ్దాద్, బస్రా, పర్షియా తీరం మీదుగా కరాచీకి రావాలి.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం. 8,000 కి.మీ.ని ఏడు రోజుల గంటలతో, అంటే 168తో, భాగించండి. సగటు వేగం గంటకు 48 కి.మీ. మాత్రమే! ఆ విమానాలు గాలిలో గంటకు నూట యాభై కి.మీ.కు పైగానే ఎగిరేవి. మరి సగటు ఎందుకు తగ్గింది? రాత్రిపూట ఎగరడం లేదు. కొన్ని వందల కిలోమీటర్లకొకసారి ఇంధనం కోసం దిగాలి. మధ్యలో రైలు మారాలి. ప్రయాణ కాలం విమానం వేగం మీద మాత్రమే ఆధారపడదని, ఆగే చోట్ల మీద ఎక్కువగా ఆధారపడుతుందని దీనివల్ల తెలుస్తుంది. నగరంలో సిటీ బస్సు ఎక్కేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

దారి తెలుసుకోవడం మరో సమస్య. రేడియో సహాయం అంతంతమాత్రం. జోర్డాన్ నుంచి బాగ్దాద్ వరకు ఎడారిలో గుర్తులేమీ ఉండవు కనుక బ్రిటిష్ వైమానిక దళం 1921లో అక్కడ ఇసుక నేల మీద ఒక జాడ ఏర్పరచింది. కొన్ని చోట్ల నాగలితో చాలు కూడా తీశారు. పైలట్లు పై నుంచి ఆ జాడను చూసుకుంటూ పోయేవారు. మన రైతు పొలంలో తీసే చాలే ఆకాశంలో పోయేవాడికి దారి చూపిందన్నమాట.

కరాచీ, జుహు, బళ్ళారి

కరాచీ దాకా వచ్చిన టపాను దేశంలోకి తెచ్చేదెవరు? ఈ పని టాటా సంస్థ చేపట్టింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలోని ద్రిగ్ రోడ్ విమానాశ్రయంలో పస్ మాత్ అనే ఒక్క ఇంజన్ విమానం ఎక్కి అహమ్మదాబాదులో ఆగి బొంబాయిలోని జుహులో దిగారు. అక్కడి నుంచి నెవిల్ వింట్‌సెంట్ అనే పైలట్ టపాను బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకువెళ్ళాడు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన బళ్ళారి తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే ఊరు. లండన్ ఉత్తరాలు ఆ విధంగా మొదటిసారి ఆకాశమార్గాన మన ప్రాంతాన్ని తాకాయి. వానాకాలంలో జుహు మైదానం నీట మునిగేది. అప్పుడు విమానాలను పూనాకు మార్చేవారు.

దీనికి రెండేళ్ళ ముందు జరిగిన ఒక సంఘటన విద్యార్థులకు చెప్పదగినది. ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా, నెల రోజుల లోపల విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌన్ల బహుమతి ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించారు. 1930లో జె.ఆర్.డి. కరాచీ నుంచి ఇంగ్లండుకు బయలుదేరారు. పదిహేడేళ్ళ ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి ఎదురుగా వస్తున్నాడు. ఇద్దరూ ఈజిప్టులోని అబూకీర్ దగ్గర కలిశారు. ఆస్పీ విమానానికి స్పార్క్ ప్లగ్ కావలసి వచ్చి అక్కడ చిక్కుబడి ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గర అదనంగా ఉన్నదాన్ని పోటీదారుకు ఇచ్చేశారు. ఆస్పీ ముందుగా చేరి బహుమతి గెలిచాడు. 1960 నుంచి 1964 వరకు భారత వైమానిక దళాధిపతిగా పనిచేసిన ఎయిర్ మార్షల్ ఆస్పీ ఇంజనీర్ ఈయనే. చంద్రశేఖర్ ఓడ ఎక్కింది కూడా ఆ ఏడాదే. ఒకే సంవత్సరంలో ఒకరు ఓడ మీద నక్షత్రాల లెక్క కడుతుంటే మరొకరు అదే దూరాన్ని ఒంటరిగా ఎగిరి దాటుతున్నారు.

ఒక రోజు, ఆపై కొన్ని గంటలు

స్వాతంత్ర్యం వచ్చిన పది నెలలకు, 1948 జూన్ 8న, ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ సంస్థ మొదటి విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు బయలుదేరింది. దాని పేరు మలబార్ ప్రిన్సెస్. అది నాలుగు ఇంజన్ల లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. లోపలి గాలి ఒత్తిడిని అదుపులో ఉంచే ఏర్పాటు ఉండటం వల్ల మేఘాల పైన ఎగరగలిగేది. యుద్ధకాలంలో రేడియో, ఇంజను సాంకేతికత ఎంతో పెరిగింది. రాత్రి ప్రయాణం సాధ్యమైంది. వారం రోజుల ప్రయాణం ఒక రోజు స్థాయికి దిగింది. 1960లో బోయింగ్ 707 జెట్ విమానాలు వచ్చాయి. జెట్ విమానం పది కిలోమీటర్ల ఎత్తున, గాలి పలుచగా ఉన్న చోట, గంటకు 900 కి.మీ. వేగంతో పోతుంది. ఆగవలసిన చోట్లు తగ్గుతూ వచ్చి చివరకు మధ్యలో ఎక్కడా ఆగని ప్రయాణం సాధ్యమైంది.

నేడు ముంబయి నుంచి లండన్‌కు సుమారు తొమ్మిదిన్నర నుంచి పది గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణానికి అంతకన్నా గంట వరకు తక్కువ పడుతుంది. దూరం ఒకటే అయినప్పుడు కాలంలో తేడా ఎందుకు? భూమికి పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి నది ఒకటి ప్రవహిస్తూ ఉంటుంది. దాన్ని జెట్ ప్రవాహం అంటారు. తూర్పుకు వచ్చే విమానాన్ని అది నెడుతుంది. పడమరకు పోయే విమానానికి ఎదురు నిలుస్తుంది. ఏటి వాలున పడవ, ఎదురేటి పడవ లెక్కలు మీరు చిన్న తరగతుల్లోనే చేశారు. ఇది కూడా అంతే.

గడియారం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. టికెట్టు మీద ఉండే సమయాలు ఆయా దేశాల సమయాలు. మన ప్రామాణిక కాలం కాకినాడ సమీపం నుంచి పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. చలికాలంలో లండన్ మనకన్నా ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. చలికాలంలో ముంబయిలో మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరిన విమానం లండన్‌లో సాయంత్రం ఆరున్నరకు దిగితే ప్రయాణం నాలుగున్నర గంటలే అనుకోకూడదు. ఐదున్నర కలిపితే పది గంటలు.

మాంట్ బ్లాంక్ చెప్పిన పాఠం

వేగం ఊరికే రాలేదు. 1950 నవంబరు 3న అదే మలబార్ ప్రిన్సెస్ జెనీవాలో దిగబోతూ ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్ శిఖరానికి ఢీకొంది. అందులోని 48 మందీ మరణించారు. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఇంగ్లండు వెళ్ళి ఓడల్లో పనిలో చేరవలసిన భారతీయ నావికులు. ఓడ పని కోసం విమానం ఎక్కే కాలం అప్పటికే వచ్చిందన్నమాట.

పదహారేళ్ళు గడవక ముందే, 1966 జనవరి 24న, బొంబాయి నుంచి లండన్ వెళుతున్న కాంచన్‌జంగా అనే ఎయిర్ ఇండియా బోయింగ్ 707 విమానం బీరూట్‌లో ఆగి జెనీవాకు దిగుతూ అదే పర్వతాన్ని ఢీకొంది. 117 మంది మరణించారు. వారిలో భారత అణుశక్తి కార్యక్రమ నిర్మాత హోమీ భాభా ఒకరు. దిశను తెలిపే రెండు రేడియో పరికరాల్లో ఒకటి పనిచేయడం లేదు. శిఖరాన్ని దాటేశామని పైలట్ భావించారు. శిఖరం ఇంకా ఐదు మైళ్ళు ఉందని నేల మీది రాడార్ అధికారి తెలిపారు. ఆ మాటను శిఖరం దాటి వచ్చేశామన్న అర్థంలో తీసుకొని పైలట్ విమానాన్ని కిందికి దించారని విచారణ తేల్చింది. ఏడు వేల కిలోమీటర్ల ప్రయాణంలో తేడా వచ్చింది కొద్ది కిలోమీటర్లే. విమానం వేగానికి అది ఒక నిమిషం లోపు. ఎంత త్వరగా పోతున్నామో అంత కచ్చితంగా ఎక్కడున్నామో తెలియాలి. ఈ రోజు ఉపగ్రహాలు, భూమి దగ్గర పడుతోందని హెచ్చరించే పరికరాలు ఆ పని చేస్తున్నాయి. అవి ఇలాంటి ప్రమాదాల పాఠాల నుంచే పుట్టాయి. ఆ మంచునది కరుగుతున్న కొద్దీ 1966 నాటి విమానపు ఉత్తరాల సంచి 2012లోను, ఇందిరాగాంధీ ప్రధానిగా ఎన్నికైన వార్తతో కూడిన పత్రికలు 2020లోను బయటపడ్డాయి.

ఆకాశంలో సరిహద్దులు

గోళం మీద గీసిన దారి విమానానికి ఎప్పుడూ దొరుకుతుందని అనుకోకండి. ప్రతి దేశానికీ తన నేల పైన ఉన్న గగనతలం మీద హక్కు ఉంది. 1932లో పర్షియా తన తీరం మీదుగా ఎగరడానికి ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌కు అనుమతి కొనసాగించలేదు. ఆ సంస్థ అరబ్ తీరానికి మారి కువైట్, బహ్రెయిన్, షార్జాల మీదుగా విమానాలు నడిపింది. అప్పటి షార్జా చిన్న సముద్రతీరపు ఊరు. అక్కడ ప్రయాణికులు రాత్రి బస చేయడానికి కోట వంటి విడిది కట్టారు. నేడు లక్షలాది తెలుగువారు పని కోసం దిగే గల్ఫ్ విమానాశ్రయాల చరిత్ర ఇలా ఒక దారి మూసివేతతో ముడిపడి ఉంది.

ఇప్పుడు కరాచీ సంగతికి వద్దాం. ముంబయి-లండన్ మహావృత్తం కరాచీ మీదుగానే పోతుందని మొదట చెప్పుకున్నాం. 1932లో మన టపా కోసం జె.ఆర్.డి. ఎగిరిన దారి నేడు రెండు దేశాల మధ్య సరిహద్దు. 2019 ఫిబ్రవరి చివర బాలాకోట్ దాడి తరువాత పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసి జులై 16న గాని పూర్తిగా తెరవలేదు. ఆ నాలుగున్నర నెలల్లో ఎయిర్ ఇండియా ఒక్కదానికే దాదాపు 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. పహల్గాం దాడి తరువాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారతీయ సంస్థల విమానాలకు మళ్ళీ దారి మూసింది. వారం లోపే భారత్ కూడా అదే పని చేసింది. అటువంటప్పుడు మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టి పోవాలి. ఉత్తర భారతం నుంచి బయలుదేరేవాటికి ఈ చుట్టు మరీ ఎక్కువ. ప్రతి అదనపు నిమిషానికీ ఇంధనం కాలుతుంది. ఒక కిలో విమాన ఇంధనం కాలితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే దేశాల మధ్య తగాదా ఖర్చు ప్రయాణికుడి జేబు మీదనే కాదు, వాతావరణం మీద కూడా పడుతుంది.

దూరం ఎక్కువ, కాలం తక్కువ

చివరగా ఒక విచిత్రమైన ఉదాహరణ. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు మధ్యలో ఆగని విమానాన్ని ప్రారంభించింది. మొదట అది పడమరకు, అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది. 2016 అక్టోబరులో తూర్పుకు, పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపి చూశారు. దారి పెరిగి 15,000 కి.మీ. దాటింది. ప్రయాణ కాలం మాత్రం సుమారు పద్నాలుగున్నర గంటలకు, అంటే మునుపటికన్నా దాదాపు రెండు గంటలు తగ్గింది. కారణం మనకు తెలిసిన జెట్ ప్రవాహమే. ఎదురుగాలితో దగ్గరి దారి కన్నా, వెనుకగాలితో దూరపు దారి మేలైంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, తెలుగమ్మాయి పాపగారి తన్మయితో సహా నలుగురు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు సుమారు 17 గంటల్లో విమానాన్ని తెచ్చారు.

మన హైదరాబాదు నుంచి లండన్‌కు మహావృత్త దూరం సుమారు 7,750 కి.మీ. ఒకప్పుడు బొంబాయి దాకా రైలులో పోయి ఓడ ఎక్కవలసినవారు నేడు శంషాబాదులోనే విమానం ఎక్కుతున్నారు. అక్కడ వీడ్కోలు చెప్పే తల్లిదండ్రులకు కొడుకో కూతురో ఒక్క రోజులో తిరిగి రాగలరన్న ధైర్యం ఉంది. గాంధీ తల్లికి, చంద్రశేఖర్ తల్లికి ఆ ధైర్యం లేదు. ఒక వేగవంతమైన విమానం వల్ల మాత్రమే ఇది సాధ్యం కాలేదు. బొగ్గు మోసిన ఓడ, ఎడారిలో చాలు, పోటీదారుకిచ్చిన స్పార్క్ ప్లగ్, మంచుకొండల్లో పోయిన ప్రాణాలు, పొరుగు దేశాలు ఇచ్చిన అనుమతులు అన్నీ అందులో ఉన్నాయి. వీటిలో చివరిది ఇప్పటికీ మనుషుల చేతిలోనే ఉంది.

మీరు చేయవలసిన పని

1. పాఠశాలలోని గ్లోబు మీద ముంబయి నుంచి లండన్ వరకు దారం బిగించి పట్టండి. దారం కింద వచ్చే దేశాల పేర్లు వరుసగా రాయండి.

2. పై లెక్క పద్ధతిలో విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు దూరం కనుక్కోండి. అక్షాంశ రేఖాంశాలు అట్లాసులో చూడండి.

3. విమానం గాలిలో వేగం గంటకు 900 కి.మీ., గాలి వేగం గంటకు 50 కి.మీ. అనుకుంటే 7,200 కి.మీ.కు వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు ఎంతెంత కాలం పడుతుంది?

4. మీ ఇంట్లో లేదా మీ వీధిలో దూరదేశానికి వెళ్ళివచ్చిన పెద్దవారిని అడిగి, వారి మొదటి ప్రయాణానికి ఎన్ని రోజులు పట్టిందో, ఇంటికి మొదటి కబురు ఎలా చేరిందో రాసుకొని తరగతిలో చదివి వినిపించండి.